చీపురుపుల్లతో కొలిచిన ఏడాది

వర్ని రోడ్డు మీద వడ్లు ఆరబోసే కాలం అది. సగం రోడ్డు వడ్లది, సగం రోడ్డు మనుషులది. ఎదురుగా ట్రాక్టరు వస్తే నేను వడ్ల వైపు తప్పుకున్నాను. స్కూటీ ముందు చక్రం గింజల మీద జారింది. ఆ తరవాత గుర్తున్నవి రెండే. చెంపకు అంటుకున్న వడ్లగింజలు, "లేవకు అక్కా, కాలు కదిలియ్యకు" అంటున్న ఎవరిదో గొంతు. మోకాలి కింద ఎముక విరిగింది. బాన్సువాడలో దవాఖానకు తీసుకుపోతే సిమెంటు కట్టు వేసి, ఆరు వారాలు మంచం దిగొద్దన్నారు.

నేను ఒకచోట కూర్చోలేని మనిషిని. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. గంట క్లాసులో బెంచీల మధ్య ఎన్నిసార్లు తిరుగుతానో పిల్లలు లెక్కపెట్టి నవ్వుకుంటారు. ఫోను మాట్లాడాలన్నా మేడ మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడవాల్సిందే. అలాంటి దాన్ని ఏప్రిల్ ఎండలో, బాన్సువాడలోనే రెండో అంతస్తు కిరాయి ఇంట్లో, కూలరు ముందు మంచం మీద పడుకోబెట్టారు. పరీక్షలు అయిపోయాయి, కాలేజీ లేదు. మూడో రోజుకే కట్టు లోపల దురద మొదలైంది. పుస్తకం తెరిచేదాన్ని, మూసేదాన్ని. కిటికీ రెక్క తెరవమనేదాన్ని, వడగాలి కొట్టగానే వేసెయ్యమనేదాన్ని.

తెరిచేది, మూసేది మా అమ్మ. పెద్ద కొడప్‌గల్ దగ్గరి మా తాండా నుంచి, మేకలను నా తమ్ముడి భార్యకు అప్పగించి వచ్చింది. అమ్మను మేము యాడి అంటాం. ఇంట్లో మాట్లాడుకునేది మా భాషే. ఆమె మాటలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, పొలాల్లో, బస్సుల్లో ఆమె మాట్లాడే తెలుగులోనే. ఆమె కూడా నా లాంటిదే. పని లేకుండా ఒకచోట నిలవదు. నా రెండు గదులను పొద్దున్నే ఊడ్చి, మధ్యాహ్నం మళ్ళీ ఊడ్చి, సాయంత్రానికి చేసేదేమీ లేక వాకిట్లో నిలబడి వచ్చే పోయే లారీలను చూసేది.

"నీ కాలు గాదు, నా కాలు ఇరిగినట్టున్నది," అంది ఒక రోజు. "గీ ఇంట్ల ఎట్ల ఉంటున్నవే?"

రెండో వారంలో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాను. ఆకాశంలో తిరిగే ఒక దూరదర్శిని వేల నక్షత్రాల వెలుగును కొలిచి కిందికి పంపుతుంది. ఆ కొలతలను గీతలుగా, చుక్కలుగా మార్చి ఎవరైనా చూడగలిగేలా ఒక వెబ్‌సైటులో పెడతారు. నక్షత్రం ముందు నుంచి గ్రహం దాటితే ఆ కాసేపు వెలుగు పిసరంత తగ్గుతుంది. చుక్కల వరుసలో చిన్న గుంట పడుతుంది. గుంట ఉంటే ఉందని గుర్తు పెట్టాలి, లేకపోతే లేదని నొక్కి ముందుకు పోవాలి. కంప్యూటర్లు వదిలేసిన వాటిని కూడా మనిషి కన్ను ఒక్కోసారి పట్టుకుంటుంది. అందుకే ఈ ఏర్పాటు.

ఆ వెబ్‌సైటు గురించి నాకు చాలా ఏళ్ళుగా తెలుసు. కావాలనే దాని జోలికి పోలేదు. ఎందుకో చెప్పాలంటే పదకొండేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

అప్పుడు నేను హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా తాండా నుంచి అంత చదువుకు పోయిన మొదటి మనిషిని. నా పని సరిగ్గా ఇలాంటి గుంటల మీదే. తమ సూర్యుడికి మరీ దగ్గరగా తిరిగే పెద్ద పెద్ద వేడి గ్రహాల మీద. మన గురుగ్రహం అంతటిది, దాని కంటే పెద్దది కూడా, మూడు నాలుగు రోజుల్లో తన సూర్యుణ్ణి చుట్టి వచ్చేస్తుంది. నేల ఉండదు, అంతా మండే వాయువే. ఎప్పుడూ ఒక్క ముఖమే సూర్యుడి వైపు ఉంటుంది. ఆ వైపు ఇనుము కూడా మెత్తబడేంత వేడి. అలాంటి ఒకదాన్ని నేను కనిపెట్టాననుకున్నాను. ఏడాదిన్నర దాని మీదే పనిచేశాను. యాడి తాండా అంతా తిరిగి "నా బిడ్డ ఇంకో భూమిని ఎతుకుతున్నది" అని చెప్పుకుంది.

అది గ్రహం కాదని తేలింది. వెనక ఎక్కడో రెండు నక్షత్రాలు ఒకదాన్నొకటి కమ్ముకుంటుంటే, వాటి వెలుగు మా నక్షత్రం వెలుగులో కలిసి గ్రహంలా కనిపించింది. ఈ పనిలో ఇది మామూలే. నాకు దారి చూపుతున్న మేడం కూడా ఆ మాటే అన్నారు. "ఇంకొకటి చూద్దాం. రేపు పదింటికి రా," అన్నారు. మర్నాడు పదింటికి నేను పెట్టె సర్దుకుని బస్సులో ఉన్నాను.

ఇంటికి వచ్చి యాడికి ఏం చెప్పానంటే, "మా మేడం నన్ను తీసేసింది" అని.

ఎందుకు తీసేసింది అని ఎవరూ నన్ను అడగలేదు. వాళ్ళే చెప్పుకున్నారు. తాండా పిల్ల కాబట్టి తీసేసిందన్నారు. ఆ మాట నేను అనలేదు. నా ముందు అన్నప్పుడు కాదని కూడా అనలేదు.

అందుకే ఆ గీతలను పదకొండేళ్ళు చూడలేదు. కాలు విరిగితే తప్ప చూసేదాన్ని కాదు. మంచం మీద ఇంకేమీ తోచక తెరిచాను. తెరిచాక ఆపలేకపోయాను. లేదు, లేదు, లేదు. అలా నొక్కుతూనే పోయేదాన్ని. కరెంటు పోతే బ్యాటరీ అయిపోయే దాకా, వచ్చాక మళ్ళీ.

యాడి పక్కన కూర్చుని చూసేది. "ఏంది గది? నువ్వులు ఆరబోసినట్టున్నది."

చెప్పాను. ఒక్కొక్క చుక్క ఒక్కో కొలత. ఎడమ నుంచి కుడికి రోజులు గడుస్తాయి. వెలుగు ఎక్కువైతే చుక్క పైకి, తగ్గితే కిందికి. గ్రహం అడ్డం వస్తే గుంట.

"అడ్డమొస్తే ఎలుగు తగ్గుతది. గంతే గదా," అంది. "దీనికి గింత చదువెందుకు?"

ఒక మధ్యాహ్నం ఒక నక్షత్రం వచ్చింది. మచ్చలున్న నక్షత్రం కాబట్టి దాని వెలుగు అలలు అలలుగా పైకీ కిందికీ పోతోంది. అలల మీద అక్కడక్కడ కొన్ని చుక్కలు కిందికి చెదిరి ఉన్నాయి. ఇలాంటివి వదిలెయ్యడమే. 'లేదు' మీద వేలు పెట్టాను.

"ఆగు," అంది యాడి.

తెరకు ముఖం దగ్గరగా పెట్టింది. లేచి వెళ్ళి చీపురు నుంచి ఒక పుల్ల తీసుకొచ్చింది. తెర మీద ఆనించి, ఒక చెదురు దగ్గర నుంచి రెండో చెదురు దాకా కొలిచి, అంత ముక్క తుంచింది. ఆ ముక్కను రెండో చెదురు దగ్గర పెట్టింది. దాని కొస మూడో చెదురు మీద పడింది. మళ్ళీ జరిపింది. నాలుగోది అల అడుగున ఉంది. అక్కడ గుంట ఉందని నేను చూడనే లేదు. పుల్ల చూపించాక చూశాను.

"తాడు పట్టి నాటేసినట్టు ఉన్నది," అంది. "వర్ని దిక్కు ఆంధ్రోళ్ళ పొలాలల్ల మేము గిట్లనే ఏసేది. తాడు మీద ముడి ఉంటది, ముడికొక మొలక. ఎక్కడ తప్పినా గట్టు మీదికెల్లి కనవడతది."

తెర మధ్యలో ఖాళీ ఉంది. దూరదర్శిని ఆ రోజుల్లో కొలతలు కిందికి పంపే పనిలో ఉండి ఏమీ చూడదు. యాడి పుల్ల ఆ ఖాళీలోకి వచ్చింది. ఆమె ఆగింది. మళ్ళీ జరిపింది. ఖాళీ దాటిన తరవాత గుంట సరిగ్గా పుల్ల కొస దగ్గర ఉంది.

"ఈడ గూడ ఒకటి ఉండాలె. ఎవరో తుడిచిండ్రు," అంది.

పుల్ల ముక్క పొడవును కింద రాసి ఉన్న రోజులతో పోల్చాను. మూడున్నర రోజులకు కాస్త ఎక్కువ. గుంట లోతు చూశాను. పెద్ద గ్రహానికి ఉండవలసినంతే ఉంది. నా పాత పనిలో నన్ను ముంచింది గుంటల లోతులో ఒకటి విడిచి ఒకటి ఉన్న తేడా, రెండు నక్షత్రాలు ఒకదాన్నొకటి కమ్ముకునే చోట కనిపించేది. ఇక్కడ ఆ తేడా ఉందేమో అని నాలుగు సార్లు లెక్క వేశాను. లేదు. అన్నీ ఒకే లోతు.

"ఉన్నదని నొక్కు మరి," అంది యాడి.

నేను లాప్‌టాప్ మూసేశాను.

ఆ తరవాత తొమ్మిది రోజులు నేను మనిషిని కాను. తెరిచేదాన్ని, లెక్క వేసేదాన్ని, మూసేదాన్ని. అన్నం సగంలో వదిలేసి మళ్ళీ తెరిచేదాన్ని. దూరదర్శిని కన్ను అంత పదునైనది కాదు. పక్కపక్కన ఉన్న నక్షత్రాల వెలుగు అందులో కలిసిపోతుంది. ఇది కూడా వెనకున్న రెండు నక్షత్రాలేనేమో. ఒకసారి లోకమంతటికీ కేక పెట్టి నోరు మూసుకున్నదాన్ని. యాడి మాత్రం రోజూ పొద్దున చాయ్ ఇస్తూ అడిగేది.

"పంపినవా?"

"ఇంకా చూడాలి."

"ఎన్ని దినాలు జూస్తవ్? గాడ మూడు దినాలకొక ఏడు అయితదంటివి. నువ్వు జూస్తుండంగనే దానికి మూడేండ్లు నిండె."

మరో రోజు వేరే సంగతి అడిగింది. "మూడున్నర దినాలకు ఏడాదైతే, గాడ నా వయసెంతుంటదే?"

యాడి వయసు యాడికీ తెలియదు, ఆధార్ కార్డుకూ సరిగ్గా తెలియదు. అరవై అనుకుని లెక్క చెప్పాను. ఆరు వేలు దాటాయి. పక్కింటికి వినిపించేలా నవ్వింది. నవ్వి, ఉన్నట్టుండి అడిగింది.

"అప్పుడు నిన్ను తీసేసిన మేడం, గిదే పని గదా చెప్పింది నీకు?"

"అవును."

"గందుకే భయపడుతున్నవ్. మల్ల ఎవరో తీసేస్తరని. ఇప్పుడెవరు తీసేస్తరే నిన్ను? నీ ఇల్లు, నీ కాలు, నీ మంచం."

కూలరులో నీళ్ళు అయిపోయి వట్టి గాలి కొడుతోంది. ఆ చప్పుడుకేమో, ఆ తొమ్మిది రోజులకేమో, నాకు ఓపిక పోయింది.

"ఎవరూ తీసెయ్యలేదు యాడీ," అన్నాను. "ఆమె మర్నాడు రమ్మంది. నేనే వచ్చేశాను."

మొదట ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను, ఈసారి మొత్తం. పెట్టె సర్దుకోవడం, బస్సు, ఇంటి ముందు దిగి నేను ఆడిన అబద్ధం. యాడి నేల మీద కూర్చుని విన్నది. లేచి కొంగు తల మీదికి లాక్కుని, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయింది. అప్పుడు మిట్టమధ్యాహ్నం ఒంటిగంట.

కిందికి దిగి కాసేపు నీడన కూర్చుంటుందనుకున్నాను. రెండైంది. ఫోను చేస్తే గోడ దగ్గర ఛార్జింగులో ఉన్న ఆమె ఫోను మోగింది. తమ్ముడికి చేశాను.

"ఈడికైతే రాలే అక్కా. ఏమైంది? కొట్లాడిండ్రా?"

"లేదు. వస్తే చెప్పు."

రెండున్నరకు మంచం దిగాను. దిగకూడదన్నారు, దిగాను. చంక కర్రలు పెట్టుకుని గుమ్మం దాకా, అక్కడి నుంచి మెట్ల మీద కూర్చుని ఒక్కొక్క మెట్టే జరుగుతూ కిందికి. ఇనుప రెయిలింగు పట్టుకుంటే అరచేతులు కాలాయి. గేటు దగ్గరికి వచ్చేసరికి చెమటతో కళ్ళు మండుతున్నాయి. రోడ్డు మీద మనిషి లేడు. ఇటు చూసేదాన్ని, అటు చూసేదాన్ని. ఎవరిని పిలవాలో, పిలిచి ఏమని చెప్పాలో తెలియలేదు. మా అమ్మ కోపంతో పోయింది, ఆ కోపం న్యాయమైనదే, వెతకండి అనాలా? గేటు నీడలో నిలబడలేక మట్టిలోనే కూర్చున్నాను.

నాలుగు దాటాక వచ్చింది, బస్టాండు వైపు నుంచి, గోడల నీడ వెంబడి. నన్ను మట్టిలో చూసి పరుగెత్తుకొచ్చి, ముందు తిట్టింది. నన్ను లేపి మెట్లు ఎక్కించడానికి అరగంట పట్టింది. మంచం మీద పడేసి, నీళ్ళు తాగించి, తనూ తాగి, అప్పుడు చెప్పింది.

"బస్సెక్కిన. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు పైసల్లేకుంట ఎక్కనిచ్చిండు. పిట్లం దాక పోయిన. దిగి మల్ల ఇంకో బస్సెక్కి వచ్చిన."

"తాండాకు పోదామనుకున్నావా?"

"ఊఁ. గా పిల్ల తల్లి దగ్గరికి."

ఎవరి గురించి అంటోందో నాకు వెంటనే తెలిసింది. మా ఇంటికి నాలుగు ఇళ్ళ అవతలి పిల్ల. నేను తిరిగి వచ్చిన ఏడే ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకుంది. హైదరాబాదులో డిగ్రీ సీటు, హాస్టలు కూడా వచ్చాయి. పంపలేదు. ఎందుకు పంపలేదో నేనెన్నడూ అడగలేదు.

"దాని తల్లి నన్ను అడిగింది, పంపాల్నా వద్దా అని," అంది యాడి. "నేనే చెప్పిన. వద్దు, మనోళ్ళను ఉంచుకోరు, నా బిడ్డను తీసేసిండ్రు, నీ బిడ్డను గూడ ఏడిపించి పంపుతరు అని. నేను జెప్తే ఆగిండ్రు. బస్సుల కూసున్నంక గదే మతికొచ్చింది. పోయి ఏమని చెప్పాలె? పిట్లంల దిగి నిలవడ్డ. కాళ్ళు ముందలికి పోలే."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. కాసేపయ్యాక అడిగింది.

"గా మేడం ఫోను నంబరు ఉన్నదా?"

"ఎందుకు?"

"పదకొండేండ్లు పొయ్యి ముట్టించుకుంట ఆమెను తిట్టిన. పొద్దుగాల ఒకసారి, మాపటికొకసారి. ఏం జెయ్యని మనిషి. ఆమెకు చెప్పాలె గదా."

నంబరు లేదు. ఈమెయిలు చిరునామా మాత్రం మరచిపోలేదు. ఆ సాయంత్రమే రాశాను. రాయడానికి రెండు గంటలు పట్టింది. పంపింది ఆరు వాక్యాలు. నేను ఎవరిని, ఆ రోజు చెప్పకుండా వెళ్ళిపోయినందుకు క్షమించమని, ఇంట్లో మీ మీద అబద్ధం చెప్పానని, మా అమ్మ మీతో మాట్లాడాలంటోందని. కింద నా నంబరు పెట్టాను. అన్నిటికంటే చివర, సిగ్గు పడుతూనే, ఆ నక్షత్రం సంఖ్య, పుల్లతో వచ్చిన రోజుల లెక్క రాశాను. వెబ్‌సైటులో 'ఉంది' అని కూడా అప్పుడే నొక్కాను.

మర్నాడు పదకొండింటికి ఫోను మోగింది.

గొంతు అలాగే ఉంది, కాస్త నెమ్మదించింది. "కాలు ఎలా ఉంది?" అన్నారు మొదట. నేను జవాబు చెప్పేలోపు యాడి ఫోను లాక్కుంది.

"మేడం, నేను దీని తల్లిని. జర వినుండ్రి. నేను మిమ్ముల చాన తిట్టిన. మీకు తెల్వదు, నాకు తెలుసు. మీరు మంచిగుండాలె. మీ పిల్లలు మంచిగుండాలె. గా తిట్లన్ని వాపస్ తీసుకుంటున్న."

నేను చెయ్యి చాచి స్పీకరు నొక్కాను. "అయ్యో, అలాగేనమ్మా," అన్నారు మేడం. "మీ అమ్మాయి ఆ రోజు ఎందుకు రాలేదో నాకూ తెలియదు. ఆ వారమంతా హాస్టలుకు మనిషిని పంపాను. నేనేమైనా అన్నానా అని చాలాకాలం అనుకున్నాను."

ఫోను నా చేతికి వచ్చాక నేను అనవలసినవి అన్నాను. ఆవిడ విన్నారు. నన్ను ఓదార్చలేదు, దెప్పలేదు. అంతా అయ్యాక, "ఇప్పుడు నీ నక్షత్రం సంగతి," అన్నారు, క్లాసు మొదలుపెట్టినట్టు.

"అది రెండు నక్షత్రాలు కాదు. నిజం గ్రహమే. కానీ నువ్వు మొదటిదానివి కాదు. నిరుడే ఒక బృందం దాన్ని పట్టుకుంది. పెద్ద దూరదర్శినులతో బరువు కూడా తూచారు. జాబితాలో ఉంది. నీ రోజుల లెక్క వాళ్ళ లెక్కతో సరిపోయింది, రెండో దశాంశం దాకా కాదనుకో. దేంతో కొలిచావు?"

"చీపురుపుల్లతో. నేను కాదు, మా అమ్మ."

ఆవిడ నవ్వు నాకు గుర్తున్నంత పెద్దది కాదు. కానీ చాలాసేపు నవ్వారు.

ఫోను పెట్టేశాక నాకు ఏమనిపించిందో నిజం చెప్పాలి. నిరుడే. ఎవరో. మళ్ళీ నాది కాకుండా పోయింది. ఆ పూటంతా గోడ వైపు తిరిగి పడుకున్నాను. యాడి అడిగితే, ముందే ఎవరో చూశారట అన్నాను.

"చూస్తే?" అంది. "ఉన్నదా, లేదా?"

"ఉంది."

"గప్పుడు లేకుండె. ఇప్పుడు ఉన్నది. అన్నం తిను."

సాయంత్రానికి నాకే తెలిసింది, నేను భయపడ్డది గుంట అబద్ధమవుతుందనే తప్ప ఇంకెవరిదో అవుతుందని కాదని. ఆ వేడి గ్రహం అక్కడ నిజంగా తిరుగుతోంది. మా గదిలో మేము దాన్ని చూశాం. లేనిది చూడలేదు. మంచం దిగి నడవాలనిపించింది, కానీ ఇంకా మూడు వారాలు ఉంది. ఆ మూడు వారాలూ మేడం పంపిన పని చేశాను. ఇలాంటి గ్రహాలు తమ సూర్యుడి ముందుకు ఏ నిమిషాన వస్తున్నాయో పాత లెక్కలతో సరిచూడాలి. నిమిషాలు జారుతుంటే పక్కన ఇంకేదో గ్రహం దాన్ని లాగుతున్నట్టు. ఎవరికీ ఓపిక లేని పని. మంచం మీద ఉన్న మనిషికి తగిన పని. ఇప్పటికీ చేస్తున్నాను. దానికి డాక్టరేటు వస్తుందా అని మేడంను నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

కట్టు విప్పిన రోజు నా కాలును నేను గుర్తుపట్టలేదు. పుల్లలా, తెల్లగా, పొలుసులు పొలుసులుగా ఉంది. వారం తరవాత యాడితో కలిసి బస్సెక్కాను. పిట్లం దాటుతున్నప్పుడు యాడి కిటికీలోంచి బస్టాండు వైపు చూసింది.

తాండాలో ఆ పిల్ల, పిల్ల అనడం నా అలవాటు, ఇప్పుడు ముప్పై దగ్గరి మనిషి, వసారాలో మిషను కుడుతోంది. ఆమె తల్లితో మాట్లాడటానికి యాడి లోపలికి వెళ్ళింది. నేను మిషను పక్కన పీట మీద కూర్చుని చెప్పాను. మేడం తీసెయ్యలేదని, నేనే వచ్చేశానని, ఎవరూ నన్ను తాండా పిల్ల అని తక్కువ చూసి పంపెయ్యలేదని, ఆ అబద్ధం నీ దాకా వస్తుందని అనుకోలేదని. ఆమె తొక్కుడు ఆపలేదు. జాకెట్టు చెయ్యి ఒకవైపు పూర్తిచేసి దారం తుంచింది.

"నన్ను పంపకపోనీకి మా నాయన కాడ వేరే కారణాలు గూడ ఉండె అక్కా," అంది. "ఒక్క నీ మాటనే కాదు. కాని నీ మాట అందరికి అక్కరకొచ్చింది. చూడు, చదువుకున్న పిల్లకే గట్లయింది అన్నరు. ఇగ నేను ఏం మాట్లాడాలె?"

"నాకు తెలియదు," అన్నాను.

"నాకు తెల్వదు అప్పుడు. ఇప్పుడైతే మాట్లాడుతుంటి."

రెండో చెయ్యి మిషను మీద పెట్టింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. లేచి వెళ్ళాలో, కూర్చోవాలో తెలియక చేతికందిన గుడ్డ ముక్కలను రంగుల వారీగా సర్దుతూ కూర్చున్నాను. బయట మబ్బు పట్టింది. జూన్ మొదటి వాన వచ్చేటట్టుంది. జాకెట్టు పూర్తయ్యాక ఆమె మిషను మీద గుడ్డ కప్పి, నా వైపు తిరిగింది.

"నా బిడ్డ మూడో తరగతి. లెక్కలు అస్సలు వస్తలేవు. నువ్వు ఐతారం ఐతారం రాగలుగుతవా?"

వస్తానన్నాను. వెళ్తున్నాను. కొన్ని ఆదివారాలు కాలు సహకరించదు, కొన్ని ఆదివారాలు బస్సు దొరకదు, అప్పుడు ఆమె ఫోను చేసి గట్టిగానే అడుగుతుంది. బిడ్డ మొండిది, గడుసుది. పుస్తకం ముందు కూర్చోబెడితే ఏడో ఎక్కం దగ్గరే గడియకో సాకు చెబుతుంది. నీళ్ళంటుంది, చీమ కుట్టిందంటుంది. ఒక ఆదివారం విసుగొచ్చి పుస్తకం మూసేసి, దాన్ని వెంట పెట్టుకుని ఇంటి చుట్టూ నడుస్తూ అడిగాను. రెండు చుట్లలో ఏడో ఎక్కం చెప్పేసింది. ఇప్పుడు పదమూడో ఎక్కం దగ్గర ఉన్నాం.